ఏథెన్స్ పాలన, పాలరాతి స్తంభాలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ప్రాచీన ఏథెన్స్‌లో అధికారులందరినీ ఓట్లేసి ఎన్నుకునేవారు.

చేతులెత్తి ఎన్నుకున్నది సేనాధిపతుల్లాంటి కొద్దిమందినే. 500 మంది సభ్యుల మండలిని, న్యాయస్థానాల్లో తీర్పరులను, మిగతా అధికారుల్లో ఎక్కువమందిని లాటరీ వేసే తీసేవారు. వాళ్ల లెక్కలో అసలైన ప్రజాస్వామ్య పద్ధతి అదే.

క్రీ.పూ. 4వ శతాబ్దంలో తీర్పరుల కోసం వాడిన సాధనం క్లెరొటేరియన్. రాతిపలక నిండా వరుసలుగా సన్నని చీలికలుంటాయి. వచ్చిన పౌరుడి పేరున్న బిళ్లను వాటిలో దూరుస్తారు, అడ్డవరుసకు 5 చొప్పున. పక్కనున్న గొట్టంలో తెల్లవి, నల్లవి పాచికలు కలిపి పోసి, కింద నుంచి ఒక్కొక్కటే వదులుతారు. తెల్లది పడితే ఆ వరుసలో ఐదుగురూ ఎంపికైనట్టే, నల్లది పడితే ఐదుగురూ ఇంటికే. 50 మంది కావాలంటే తెల్లవి 10 చాలు. ఎవరికి లంచమివ్వాలో ముందుగా ఎవరికీ అంతుపట్టదు. ఎంత చక్కటి ఏర్పాటో!

అపోహ: గ్రీకు స్తంభం డోరిక్, అయోనిక్, కోరింథియన్ శైలుల్లో ఏదో పైభాగం చూస్తేనే తెలుస్తుంది.

పైభాగం విరిగిపోయినా ఫర్వాలేదు, కింద చూడండి. గ్రీకు డోరిక్ స్తంభానికి పీఠం ఉండదు, నేరుగా మెట్టు మీదే నిలుస్తుంది. గాడులు సాధారణంగా 20, వాటి అంచులు పదునుగా కలుస్తాయి. అయోనిక్‌కు పీఠం ఉంటుంది, గాడులు 24, గాడికీ గాడికీ మధ్య సన్నని చదును పట్టీ. కోరింథియన్‌కూ ఇంచుమించు ఇవే గుర్తులు కాబట్టి అక్కడ మాత్రం ఆకుల శీర్షం దొరకాల్సిందే.

అపోహ: ఏథెన్స్‌లోని పార్థెనాన్ గుడిలో గీతలన్నీ తిన్నగా ఉంటాయి.

నేల మధ్యలో ఉబ్బి ఉంటుంది: పొడవు వైపు సుమారు 11 సెం.మీ., వెడల్పు వైపు 6 సెం.మీ. స్తంభాలు కొద్దిగా లోపలికి వాలతాయి. అందుకే ఒక రాయిని తీసి మరోచోట పెడితే కుదరదు.

రాళ్లను బిగించిన ఇనుప పట్టీలకు గ్రీకులు సీసం పోసేవారు. 20వ శతాబ్దం తొలినాళ్ల మరమ్మతుల్లో సీసం లేకుండా ఇనుము వాడారు. అది తుప్పుపట్టి ఉబ్బి, పాలరాతిని చీల్చింది. ఇప్పుడు వాటి స్థానంలో టైటానియం పెడుతున్నారు.

అపోహ: ఈ గుడులన్నీ బానిసలే కట్టారు.

ఏథెన్స్‌లోనే ఉన్న మరో గుడి ఎరెక్థియాన్ నిర్మాణ ఖర్చులను రాతి మీదే చెక్కించారు. అందులో పౌరులు, స్థిరపడిన పరదేశీయులు, బానిసలు పక్కపక్కనే కనిపిస్తారు, రోజుకూలి అందరికీ ఒకటే: 1 డ్రాక్మా (గ్రీకుల వెండి నాణెం). కూలి సమానమే గానీ, తీర్పరుల లాటరీ రాతిపలకలో బిళ్ల పెట్టే హక్కు మాత్రం 30 ఏళ్లు నిండిన పురుష పౌరుడికే.