మొలకెత్తే గింజలోనూ తెగులు

వరి విత్తన సంచి కొనేటప్పుడు అందరూ అడిగేది మొలక శాతం గురించే. మన నిబంధనల ప్రకారం అది కనీసం 80 ఉండాలి. ఉంటే విత్తనం మంచిదని ధీమా. గోధుమ మచ్చ తెగులును కలిగించే బైపోలారిస్ ఒరైజే అనే శిలీంధ్రం మాత్రం చక్కగా మొలకెత్తే గింజలో కూడా దాగి ఉండగలదు.

ఈ తెగులు సోకిన ఆకు మీద నువ్వుగింజంత గోధుమ రంగు మచ్చలు వస్తాయి. పెద్దవైతే మధ్యలో బూడిద రంగుకు తిరుగుతాయి. వరికే వచ్చే మరో తెగులైన అగ్గి తెగులు మచ్చకు రెండు కొసలూ సూదిగా ఉంటాయి, దీనికి ఉండవు. వెన్ను తీసే సమయంలో ఆకుల మీది సిద్ధబీజాలు గాలికి లేచి గింజల మీద వాలుతాయి. పైపొట్టు నల్లబడుతుంది, శిలీంధ్రం పొట్టు కిందికి చేరుతుంది. ఎండబెట్టి గోదాములో పెట్టినా చావదు, నాలుగేళ్లకు పైగా బతకగలదు. ఆ గింజ నారుమడిలో పడ్డాక కొన్ని మొలకలు కుళ్లిపోతాయి, కొన్ని తప్పించుకుంటాయి, కొన్ని మచ్చలతో పెరుగుతాయి. ఆ కొన్ని చాలు. ఆకులు ఎనిమిది గంటలకు మించి తడిగా ఉంటే అక్కడి నుంచి పొలమంతా పాకుతుంది.

1942లో బెంగాల్ వరిని ఈ తెగులు తీవ్రంగా దెబ్బతీసింది. మరుసటి ఏడాది కరువుకు అదే ముఖ్య కారణమని 1973లో మొక్కల తెగుళ్ల శాస్త్రవేత్త ఎస్.వై. పద్మనాభన్ రాశారు. యుద్ధాన్నీ పాలకుల నిర్లక్ష్యాన్నీ తప్పించి ఆ కరువు గురించి మాట్లాడలేమని నా అభిప్రాయం. తెగులు పాత్ర కూడా చిన్నది కాదు.

హైదరాబాద్ చుట్టుపక్కల ప్యాక్ అయిన విత్తనం ఎన్నో రాష్ట్రాలకు వెళ్తుంది. 2019లో అంతర్జాతీయ విత్తన పరీక్షా సంఘం మహాసభ జరిగింది కూడా ఈ నగరంలోనే. అందుకే విత్తన ఆరోగ్య పరీక్ష మనకు పట్టాల్సిన విషయం. పరీక్ష చాలా తేలిక. తడిపిన బ్లాటింగ్ కాగితాల మీద 400 గింజలు దూరదూరంగా పేర్చి, ఇరవై రెండు డిగ్రీల దగ్గర వారం రోజులు ఉంచుతారు. పన్నెండు గంటలు వెలుతురు, పన్నెండు గంటలు చీకటి. తర్వాత సూక్ష్మదర్శినిలో చూస్తే వంపు తిరిగి, అడ్డుగోడలున్న గోధుమ రంగు సిద్ధబీజాలు కనిపిస్తాయి. ఎన్ని గింజల మీద ఉన్నాయో లెక్కపెట్టడమే మిగిలిన పని. ఈ ఫలితం కూడా మొలక శాతం పక్కనే సంచి మీద అచ్చు వేయాలి. రైతు డబ్బు పెట్టి కొంటున్నాడు, తెలుసుకునే హక్కు అతనిది.

విత్తనశుద్ధి, అంటే విత్తే ముందు గింజకు మందు పట్టించడం, అనగానే మన దగ్గర కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశిని పేరే వినిపిస్తుంది. అగ్గి తెగులుకు అది పనికొస్తుంది గానీ బైపోలారిస్ జాతి దానికి పెద్దగా లొంగదు. థైరమ్, మాంకోజెబ్ లాంటివి మేలు. షాపులో మందు అడిగే ముందు ఏ తెగులు కోసమో చెప్పి అడగాలి.

పొటాష్, సిలికా తక్కువైన నేలల్లో ఈ తెగులు మరీ రెచ్చిపోతుంది. బస్తా యూరియా ఎక్కువ వేసి పొటాష్ మానేస్తే మందులకు పెట్టిన ఖర్చు సగం వృథాయే.

సొంత విత్తనం దాచుకునేవాళ్లు మచ్చలు లేని మడి నుంచే తీసుకోవాలి. ఉప్పునీటిలో తేలిన గింజలు తీసేసి, మునిగినవాటిని మంచినీటితో కడిగి, ఎనిమిది గంటలు చన్నీటిలో నానబెట్టాలి. తర్వాత 53–54 డిగ్రీల వేడినీటిలో పది పన్నెండు నిమిషాలు ఉంచాలి. ఇక్కడ అంచనా పనికిరాదు, థర్మామీటర్ ఉండాల్సిందే. వేడి పెరిగితే మొలక చస్తుంది, తగ్గితే శిలీంధ్రం బతుకుతుంది. చల్లార్చాక మండె కట్టుకోవచ్చు, అంటే మొలకెత్తడానికి తడి గింజను గోనెలో మూటగట్టి ఉంచొచ్చు.