పర్యాటకుడు తిరిగి వెళ్ళేది ఏ ఊరికి?

ఒకే వారంలో ఒకే ఊరికి వెళ్ళి, ఒకే హోటల్లో దిగి, అవే చోట్లు చూసి వచ్చిన ఇద్దరిలో ఒకరు మరుసటి ఏడాది మళ్ళీ అక్కడికే టికెట్లు వెతుకుతారు. రెండోవారు ఆ ఊరి పేరెత్తితేనే మొహం చిట్లిస్తారు. కొండలూ సముద్రమూ రోడ్లూ ఇద్దరికీ అవే కాబట్టి ఈ తేడాకు కారణం ఊళ్ళో వెతికితే దొరకదు. ఆ ఊరి గురించి ఎవరికి వారు మనసులో కట్టుకున్న రూపంలో వెతకాలి. ఈ మానసిక రూపాన్ని పర్యాటక పరిశోధకులు గమ్యస్థాన చిత్రం అంటారు. దాని మీద శాస్త్రీయమైన పని 1970లలో ఊపందుకుని ఇప్పటికి అర్ధశతాబ్దం దాటింది. ఆ పనిలో తేలినవాటిలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే సంగతి ఇది: పర్యాటకుడి అభిమానం తాను చూసిన ఊరి కంటే తనకు గుర్తున్న ఊరి మీదనే ఎక్కువగా నిలబడుతుంది, ఆ రెండు ఊళ్ళకూ మధ్య ఎడం మనం అనుకునేదానికంటే పెద్దది.

ఈ చిత్రం ప్రయాణానికి చాలా ముందే మొదలవుతుంది. 1972లో అమెరికన్ పరిశోధకుడు క్లేర్ గన్ దీన్ని రెండు పాయలుగా విడదీశాడు. పాఠ్యపుస్తకాలు, వార్తలు, సినిమాలు, వెళ్ళివచ్చినవాళ్ళు చెప్పిన కబుర్లు ఇవన్నీ కలిసి, ఎవరూ పనిగట్టుకుని ప్రచారం చేయకుండానే ఏళ్ళ తరబడి మనలో పేరుకునేది మొదటిది. పర్యాటక శాఖల ప్రకటనలు, కరపత్రాలు, ట్రావెల్ ఏజెంట్ల మాటలు కలిగించేది రెండోది. రెండోదాని మీద ఎంత డబ్బు ఖర్చు పెట్టినా జనం నమ్మేది చాలావరకు మొదటిదాన్నే, ఎందుకంటే దాని వెనుక అమ్మకపుదారు కనబడడు. ఏదో ఒక ప్రాంతంలో అల్లర్లు జరిగాయన్న రెండు నిమిషాల వార్త, దానికి వందల కిలోమీటర్ల దూరంలో ప్రశాంతంగా ఉన్న తీరానికి కూడా పర్యాటకులను రాకుండా చేయగలదు. గన్ మరో మంచి పని కూడా చేశాడు. చిత్రం పోగుపడటం, కొత్త సమాచారంతో మారడం, వెళ్ళాలన్న నిర్ణయం, ప్రయాణం, అక్కడి అనుభవం, తిరుగు ప్రయాణం, ఇల్లు చేరాక చిత్రం మళ్ళీ మారడం అంటూ అతను గీసిన ఏడు దశల వరుసలో, యాత్ర ముగిశాక కూడా చిత్రానికి పని ఉంటుంది. ఇంటికి వచ్చినవాడు నలుగురికీ చెప్పే మాటలే మరో నలుగురి మనసులో మొదటి పాయగా చేరతాయి.

ఆ చిత్రానికి రెండు పొరలున్నాయి. వసతి ఎలా ఉంటుంది, ఖర్చెంత అవుతుంది, చూడదగ్గవి ఏమున్నాయి, రాత్రివేళ తిరగడం క్షేమమేనా అన్నవి తెలిసిన సంగతుల పొర. తలచుకోగానే హాయిగా ఉంటుందా, ఉత్సాహం పుడుతుందా, ఎందుకో వద్దనిపిస్తుందా అన్నది భావాల పొర. ఈ రెండోదాన్ని కొలవడానికి మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ రసెల్ 1980లో జెరాల్డిన్ ప్రాట్‌తో కలిసి ప్రతిపాదించిన కొలబద్ద పనికివచ్చింది. ఒక చోటు ఎంత ఆహ్లాదకరంగా అనిపిస్తుంది, ఎంత ఉత్తేజం కలిగిస్తుంది అన్న రెండు ప్రశ్నలతో దాని భావచిత్రాన్ని చాలావరకు పట్టుకోవచ్చన్నది దాని సారం. 1999లో బాలోగ్లు, మెక్‌క్లియరీ ప్రచురించిన నమూనా ఈ రెండు పొరలనూ కలిపింది: తెలిసిన సంగతులు భావాన్ని తీర్చిదిద్దుతాయి, మొత్తం మీద ఏర్పడే అభిప్రాయం మీద భావం చేయి పెద్దది. 2014లో 66 అధ్యయనాల ఫలితాలను గుదిగుచ్చి చేసిన విశ్లేషణ కూడా ఇదే దారిలో నడిచింది. అభిమానంతో అన్నిటికంటే గట్టి సంబంధం మొత్తం అభిప్రాయానిది, తర్వాత భావాలది, ఆ తర్వాతే విడివిడి సంగతులది. ఇన్ని హోటళ్ళు, ఇన్ని విమానాలు, ఇన్ని కిలోమీటర్ల బీచ్ అంటూ జాబితాలు అచ్చువేసే కరపత్రాలు చదివినప్పుడల్లా, వాటిని రాసినవారికి ఈ వరుస తెలిసి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

మంచి చిత్రం ఉంటే మంచి అభిమానం వస్తుందని ఇక్కడితో ఆగిపోవడానికి లేదు. చిత్రం ఆశను కూడా పెంచుతుంది. తృప్తి అనేది అనుభవానికీ ఆశకూ మధ్య ఉన్న తేడా నుంచి పుడుతుందని రిచర్డ్ ఆలివర్ 1980లో వాదించాడు. అనుకున్నదానికంటే మెరుగ్గా ఉంటే సంతోషం, తక్కువగా ఉంటే నిరాశ. కాబట్టి ఫోటోల్లో నిర్మానుష్యంగా మెరిసే జలపాతాన్ని చూసి బయలుదేరినవాడు, అక్కడ రెయిలింగ్ చుట్టూ మూడు వరుసల జనాన్ని చూసినప్పుడు, జలపాతం నిజంగా అందమైనదే అయినా మోసపోయినట్టు బాధపడతాడు. అదే జలపాతాన్ని దారిలో అనుకోకుండా చూసినవాడికి ఆ జనం పెద్దగా కంటికి ఆనరు. అయితే ఈ లెక్క అన్ని విషయాలకూ ఒకే రకంగా వర్తించదు. జపాన్ పరిశోధకుడు నోరియాకి కానో 1984లో వస్తువుల నాణ్యత గురించి చెప్పిన విభజన ఇక్కడ బాగా పనికివస్తుంది: కొన్ని లక్షణాలు ఉంటే ఎవరూ గమనించరు, లేకపోతే ఎవరూ క్షమించరు, మరికొన్ని లేకపోయినా ఎవరూ అడగరు, ఉంటే మాత్రం మురిసిపోతారు. శుభ్రమైన మరుగుదొడ్డి, తాగునీరు, దారి చూపే బోర్డులు మొదటి రకం. మరుగుదొడ్డి శుభ్రంగా ఉందని ఎవరూ మళ్ళీ వెళ్ళరు, శుభ్రంగా లేదని మాత్రం చాలామంది వెళ్ళడం మానేస్తారు. దారి తప్పినవాడిని ఎవరో అపరిచితుడు బస్టాండు దాకా తీసుకువెళ్ళి దిగబెట్టడం రెండో రకం, దాన్ని ఏ పథకమూ ముందుగా ఏర్పాటు చేయలేదు.

ఇక జ్ఞాపకం. మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, బార్బరా ఫ్రెడ్రిక్సన్ మరో ఇద్దరితో కలిసి 1993లో ప్రచురించిన ఒక ప్రయోగానికి పర్యాటకంతో సంబంధమే లేదు, కానీ పర్యాటకం గురించి అది చెప్పినంత సూటిగా చెప్పినవి తక్కువ. పాల్గొన్నవారు ఒక చేతిని 14 డిగ్రీల సెల్సియస్ చల్లని నీటిలో 60 సెకన్ల పాటు ఉంచారు. మరోసారి రెండో చేతిని అదే 14 డిగ్రీల నీటిలో 60 సెకన్లు ఉంచి, తీయకుండా ఇంకో 30 సెకన్లు అలాగే ఉంచారు. ఆ 30 సెకన్లలో నీటి వేడి మెల్లగా 15 డిగ్రీలకు చేరింది, అంటే అప్పటికీ బాధే, కాకపోతే కాస్త తక్కువ బాధ. మూడోసారి ఏది కావాలో ఎంచుకోమన్నప్పుడు ఎక్కువమంది పొడుగాటి దాన్నే కోరుకున్నారు. మొత్తం బాధ అందులోనే ఎక్కువ, కానీ ముగింపు కొంచెం నయం. జ్ఞాపకం అనుభవాన్ని గడియారంతో కొలవదని, పతాక క్షణాన్నీ చివరి క్షణాలనూ పట్టుకుని మిగతాదాన్ని వదిలేస్తుందని దీని నుంచి తీసిన నిర్ణయం.

దీన్ని అందిపుచ్చుకుని, సెలవు ప్రయాణం చివరి రోజు బాగుంటే చాలని చెప్పేవారున్నారు. అది తొందరపాటు. నీటిలో చేయి పెట్టడం నిమిషంన్నర పని, ప్రయాణం రోజుల తరబడి సాగేది. 2008లో కెంప్, బర్ట్, ఫర్నో అనే పరిశోధకులు సెలవులకు వెళ్ళిన విద్యార్థుల మీద ఈ సూత్రాన్ని పరీక్షించినప్పుడు, పతాకమూ ముగింపూ మిగతా కొలతలకంటే ప్రత్యేకంగా మెరుగ్గా పనిచేయలేదు. అన్నిటికంటే గుర్తుండిపోయిన, లేదా అన్నిటికంటే మామూలుకు భిన్నంగా గడిచిన ఒక రోజు ఎంత సంతోషంగా ఉందన్నది మొత్తం సెలవు మీది అభిప్రాయానికి మంచి సూచిక అయింది. విమానాశ్రయంలో ఆఖరి గంట చికాకు పెట్టినా, మధ్యలో మరిచిపోలేని రోజు ఒకటుంటే యాత్ర నిలబడుతుందన్నమాట.

జ్ఞాపకానికీ మళ్ళీ వెళ్ళాలన్న కోరికకూ ఉన్న ముడిని నేరుగా పట్టుకున్న అధ్యయనం 2003లో వచ్చింది. డెరిక్ విర్ట్స్, జస్టిన్ క్రూగర్, క్రిస్టీ స్కొల్లన్, ఎడ్ డీనర్ అమెరికాలో వసంతకాలపు సెలవులకు వెళ్ళే విద్యార్థులను ఎంచుకుని, సెలవు ఎలా ఉంటుందనుకుంటున్నారో ముందుగా అడిగారు. సెలవు నడుస్తుండగా చేతిలో ఇమిడే చిన్న కంప్యూటర్లు ఇచ్చి, రోజుకు చాలాసార్లు ఆ క్షణంలో ఎలా ఉందో నమోదు చేయించారు. తిరిగి వచ్చాక ఎలా గడిచిందో గుర్తు చేసుకోమన్నారు. మూడు కొలతలూ మూడు రకాలుగా వచ్చాయి: ముందు ఊహించినప్పుడూ తర్వాత గుర్తు చేసుకున్నప్పుడూ సంతోషమూ చికాకూ రెండూ అసలు జరిగినప్పటికంటే ముదురు రంగులో కనిపించాయి. ఇలాంటి సెలవు మళ్ళీ కావాలా అన్న ప్రశ్నకు సమాధానాన్ని నేరుగా చెప్పగలిగింది మాత్రం జ్ఞాపకం ఒక్కటే. క్షణక్షణం నమోదైన అసలు అనుభవం ఏమైనా చెప్పగలిగితే అది జ్ఞాపకం ద్వారానే చెప్పింది.

పైగా ఆ జ్ఞాపకం ఒకచోట స్థిరంగా ఉండదు. టెరెన్స్ మిచెల్, లీ థాంప్సన్ తదితరులు 1997లో ప్రచురించిన పరిశోధనలో ఒక బృందం కాలిఫోర్నియాలో మూడు వారాల సైకిల్ యాత్ర చేసింది. యాత్ర సాగుతున్నప్పుడు పొడుచుకొచ్చిన చిరాకులు, అది ముగిసిన కొద్ది రోజులకే వెనక్కి తగ్గి, మొత్తం అనుభవం ముందు ఊహించుకున్న గులాబీ రంగుకు దగ్గరగా వచ్చింది. ప్రకటనలు కూడా జ్ఞాపకంలో చేయి పెట్టగలవు. 2002లో క్యాథరిన్ బ్రాన్, రియానన్ ఎల్లిస్, ఎలిజబెత్ లాఫ్టస్ కొందరికి ఒక కల్పిత డిస్నీ ప్రకటన చూపించారు. అందులో బగ్స్ బన్నీ అనే కార్టూన్ కుందేలు ఉన్నాడు. అది చూసినవారిలో, చిన్నప్పుడు డిస్నీ పార్కులో బగ్స్ బన్నీతో తాము చేయి కలిపామన్న నమ్మకం పెరిగింది. బగ్స్ బన్నీ వార్నర్ బ్రదర్స్ పాత్ర కాబట్టి డిస్నీ పార్కులో అతను ఎదురయ్యే అవకాశమే లేదు. పర్యాటక శాఖల ప్రకటనలు కొత్తవాళ్ళ కోసమే అనుకుంటాం గానీ, వెళ్ళివచ్చినవాళ్ళ మీద అవి చేసే పని ఇంకా లోతైనది కావచ్చు.

ఇంతకూ అభిమానం అంటే ఏమిటి? ఏటేటా వచ్చినవాడే అభిమాని అనుకుంటే పొరపాటు జరుగుతుంది. అలన్ డిక్, కునాల్ బసు 1994లో కొనుగోలుదారుల గురించి చెప్పినది ఇక్కడ అతుకుతుంది: మనసులో మొగ్గు, చేతల్లో పునరావృతి రెండు వేర్వేరు విషయాలు, ఒకటి ఉండి మరొకటి లేకపోవచ్చు. దగ్గరగా ఉందనో, చుట్టాల ఇల్లు ఉందనో, చవకనో ప్రతి వేసవికీ ఒకే చోటికి వెళ్ళే కుటుంబానికి ఆ చోటంటే ప్రత్యేకమైన ప్రేమ ఉండకపోవచ్చు. సమీపంలో మరో చోటు చవకైతే అటు తిరుగుతుంది. జీవితంలో ఒక్కసారి చూసిన దూరదేశపు నగరం గురించి ముప్పై ఏళ్ళ తర్వాత కూడా కళ్ళు మెరుస్తుండగా చెప్పే మనిషి మళ్ళీ అక్కడ అడుగుపెట్టకపోవచ్చు, కానీ అతని మాట విని వెళ్ళినవాళ్ళు ఎందరో ఉంటారు. ఈ రెండోవాడిని అభిమాని కాదనడం నాకు అన్యాయంగా తోస్తుంది.

అందుకే పర్యాటక సర్వేలలో తప్పకుండా కనిపించే ‘మళ్ళీ వస్తారా?’ అన్న ప్రశ్న మీద నాకు గురి తక్కువ. తిరుగు విమానం కోసం కూర్చున్నవాడిని ఈ ఊరు ఎలా ఉందని అడిగి, అదే కాగితం మీద మళ్ళీ వస్తారా అని అడిగితే, మొదటి జవాబు రాసిన ఊపులోనే రెండోదీ రాస్తాడు. రెండిటికీ మధ్య బలమైన సంబంధం కనిపించడంలో ఆ కాగితానికీ వాటా ఉంది. ఉద్దేశానికీ చేతకూ మధ్య దూరం ఎలాగూ ఉంది. పాస్కల్ షీరన్ 2002లో ఎన్నో రంగాల అధ్యయనాలను కలిపి చూస్తే, మనుషుల ప్రవర్తనలోని తేడాలలో ఉద్దేశం వివరించగలిగినది సుమారు 28 శాతమే. ప్రయాణం విషయంలో సెలవు దొరకడం, డబ్బు, పిల్లల చదువులు, వీసా లాంటివి మధ్యలో అడ్డు తగులుతాయి.

ఆ అడ్డంకులన్నీ దాటి నిజంగా తిరిగి వచ్చేవారిని గిటెల్సన్, క్రాంప్టన్ 1984లో అడిగినప్పుడు ఐదు రకాల కారణాలు బయటపడ్డాయి. కొత్తచోట దెబ్బతినే ప్రమాదం ఇక్కడ తక్కువ. తమలాంటివాళ్ళే ఇక్కడ కనిపిస్తారు. ఈ చోటుతో మనసుకు ముడిపడింది. పోయినసారి చూడనివి చూడాలి. తాము చూసినది తమవాళ్ళకు చూపించాలి. మొదటి రెండూ భరోసాకు సంబంధించినవి, నాలుగోది కుతూహలం. చివరిది నాకు మరీ ఆసక్తికరం, ఎందుకంటే ఆ మనిషి తన జ్ఞాపకాన్ని మరొకరి కళ్ళతో సరిచూసుకోవడానికి వస్తున్నాడు. అప్పుడు ఊరు మారిపోయి ఉంటే నొప్పి ఎక్కువ. కొత్తగా లేచిన ఎత్తైన హోటళ్ళు మొదటిసారి వచ్చినవాడికి ఆ ఊరి సహజరూపమే. పాత సందర్శకుడికి అవి తన ఊరిని కప్పేసిన గోడలు. రిచర్డ్ బట్లర్ 1980లో గీసిన పర్యాటక ప్రాంతాల జీవితచక్రంలో, ఎదుగుదల ఆగి స్తబ్దత వచ్చే దశలో ప్రాంతం పాత సందర్శకుల మీదే ఎక్కువగా ఆధారపడుతుంది.

మరికొందరి అభిమానానికి ఊరే అక్కర్లేదు. బాబ్ మెకర్చర్ బృందం 2012లో ఎత్తిచూపినట్టు, కొందరి నిలకడ ఒక రకమైన అనుభవం మీద ఉంటుంది. మంచు మీద స్కీయింగ్ చేసేవాడు ఈ ఏడాది ఒక దేశపు వాలు మీద, వచ్చే ఏడాది మరో దేశపు వాలు మీద కనిపిస్తాడు. ఏ ఒక్క గమ్యస్థానమూ అతన్ని తన అభిమానిగా లెక్కించదు, ప్రతిచోటా రిజిస్టరులో అతను మొదటిసారి వచ్చినవాడే. అతను మాత్రం ఇరవై ఏళ్ళుగా వదలకుండా వెళుతున్నది మంచు దగ్గరికే.