కవులు పూజ్యమన్న మాట నుంచి యంత్రం రాసే కవిత దాకా

ఉగాది కవి సమ్మేళనానికి కవితలు ఏరే పని మునుపటిలా లేదు. మహబూబ్‌నగర్‌లోనైనా నల్లగొండలోనైనా ఆ పని నెత్తినేసుకున్నవాళ్లను కదిలిస్తే ఒకటే టెన్షన్. వాట్సాప్‌లో వచ్చిన ఈ కవిత పిల్లవాడు రాశాడా, చాట్‌జీపీటీతో రాయించాడా? భాష శుభ్రంగా ఉంటుంది. వలస ఉంటుంది, ఎండిన చెరువు ఉంటుంది, చివర్లో ఆశ చిగురిస్తుంది. అది ఏ ఊరి చెరువో మాత్రం కవితంతా వెతికినా దొరకదు.

చాట్‌జీపీటీ జనంలోకి వచ్చింది 2022 నవంబరు 30న. యంత్రం కవిత్వం రాయగలదా అన్న తగువు మాత్రం అంతకన్నా చాలా పాతది. 1949లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌కు చెందిన మెదడు శస్త్రవైద్యుడు జెఫ్రీ జెఫర్సన్ ఒక ప్రసంగంలో గట్టిగానే చెప్పాడు: తాను అనుభవించిన భావాల వల్ల ఒక సానెట్ (పద్నాలుగు పాదాల ఇంగ్లిష్ కవిత) రాసేదాకా యంత్రం మెదడుతో సమానమని ఒప్పుకోలేమని. మరుసటి ఏడాదే కంప్యూటరు శాస్త్రానికి ఆద్యుల్లో ఒకడైన అలన్ ట్యూరింగ్ తన ప్రసిద్ధ వ్యాసంలో దానికి బదులిచ్చాడు. ఎదుట ఉన్నది మనిషో యంత్రమో తేల్చే పరీక్షకు ఆయన ఊహించిన సంభాషణలో మొదటి ప్రశ్నే కవిత్వం గురించి. స్కాట్లాండ్‌లోని ఫోర్త్ వంతెన మీద సానెట్ రాయమంటే, నన్ను వదిలేయండి, కవిత్వం నాకెప్పుడూ రాలేదని అవతలి నుంచి జవాబు. కవిత్వం రాదని చెప్పడమే అప్పట్లో మనిషిలా మాట్లాడటం. ఇప్పుడు అదే ప్రశ్న వేస్తే క్షణంలో పద్నాలుగు పాదాలు వచ్చి పడతాయి.

యంత్రం చేత పద్యం కట్టించడం కంప్యూటరుతో మొదలైంది కూడా కాదు. 1845లోనే జాన్ క్లార్క్ అనే ఇంగ్లండు మనిషి లాటిన్ పద్యపాదాలు అల్లే యంత్రాన్ని తయారుచేసి లండన్‌లో ప్రదర్శనకు పెట్టాడు. యంత్రాన్ని నడిపిస్తే లోపలి భాగాలు కదిలి, ఛందస్సు తప్పని పాదం ఒకటి బయటికి కనిపించేది. మన దగ్గరైతే రెండు వేల ఏళ్ల కిందటే ఛందశ్శాస్త్రం రాసిన పింగళుడు గురులఘువులతో, అంటే సాగే అక్షరాలతో, పొట్టి అక్షరాలతో, ఎన్ని రకాల పాదాలు సాధ్యమో వరుసగా రాసుకుపోయే ప్రస్తారం అనే పద్ధతి చెప్పాడు. ఛందస్సు ఒక లెక్క. లెక్క కాబట్టి యంత్రానికి అందుతుంది.

ఆ లెక్క సంగతి మన ఊళ్ల పేర్లతోనే చూద్దాం. పాలమూరు: గురువు, లఘువు, గురువు, లఘువు. అంటే రెండు సూర్యగణాలు. (గణమంటే గురులఘువుల గుంపు; చిన్నది సూర్యగణం, దానికన్నా పెద్దది ఇంద్రగణం.) నల్లగొండ కూడా సరిగ్గా అంతే. వలస మూడు లఘువులు, అదీ సూర్యగణమే. వనపర్తి ఒక ఇంద్రగణం, గద్వాల ఇంకో ఇంద్రగణం. ఆటవెలది అనే తెలుగు పద్యం మొదటి పాదానికి మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు కావాలి. కాబట్టి వరుసగా పేరిస్తే ఇలా వస్తుంది:

పాలమూరు వలస వనపర్తి గద్వాల

గణాలు సరిపోయాయి. నాలుగో గణం మొదట్లో ఉన్న ‘వ’కు పాదం మొదటి ‘పా’తో యతి, అంటే ఆ చోట కుదరాల్సిన అక్షరమైత్రి, కూడా చెల్లింది. ఏ పండితుడూ తప్పు పట్టలేడు. అయినా ఇందులో కవిత్వం చుక్కైనా లేదు. బస్సు బోర్డు మీద రాసుకోవడానికి పనికొస్తుంది, అంతే.

ఇప్పటి చాట్‌బాట్లు విచిత్రంగా ఈ లెక్క దగ్గరే తడబడుతుంటాయి. ఆటవెలది అడిగితే చూడటానికి పద్యంలాగే ఇస్తాయి. గణాలు విడదీస్తే ఎక్కడో ఒకచోట తప్పుతుంది. మనం చెవితో వింటాం, అవి ముక్కలతో పనిచేస్తాయి. మనకు ‘శ్రీ’ ఒకే అక్షరం. కంప్యూటరులో మాత్రం అది శ, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిసిన నాలుగు గుర్తుల వరుస. దాన్ని మళ్లీ తన కొలతలో తుంచుకుని, ఒక ముక్క తర్వాత ఏ ముక్క వచ్చే అవకాశం ఎక్కువో అంచనా కట్టుకుంటూ పోయే పద్ధతి వాటిది. మన పాతకాలపు మాత్ర, అంటే అక్షరం పలికే కాలపు కొలత, దానికి నేరుగా వినిపించదు. పద్యం చేతకాదు కాబట్టి యంత్రం మనకు పోటీ రాదని సంబరపడేవాళ్లు ఉన్నారు. నాకు ఆ ధీమా లేదు. లెక్కలో తప్పు ఎప్పటికైనా సరిదిద్దుకోదగ్గదే.

ఈ నేల మీద కవిని పరీక్షించిన తీరు వేరు. గద్వాల సంస్థానానికి విద్వద్గద్వాల, అంటే పండితుల గద్వాల, అని పేరు. వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలు కూడా కవులను ఆదరించాయి. జంటగా అవధానాలు చేసిన తిరుపతి వేంకట కవులు ఈ ఆస్థానాలకు వచ్చినవాళ్లే. అవధానమంటే సభలో పృచ్ఛకులు (ప్రశ్నించేవాళ్లు) అడిగినవాటికి అప్పటికప్పుడు పద్యాలు చెప్పడం. అందులో కవికి కలం, కాగితం ఉండవు. ఒకరు అక్షరాన్ని నిషేధిస్తుంటారు, ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు సంబంధం లేని కబుర్లతో ధార తెంచాలని చూస్తారు. అన్నీ తట్టుకుని, చివర్లో పద్యాలన్నీ తలలోంచి తీసి అప్పజెప్పాలి. సభ చూసేది పద్యం ఒక్కదాన్నే అనుకోను. చెమటలు పట్టిన ఒక మనిషి, మరిచిపోయే వీలున్న మనిషి, అందరి ఎదుట నిలబడి ఉండటాన్ని కూడా చూస్తుంది. మరిచిపోయే భయం లేని యంత్రం అదే పద్యం చెబితే చప్పట్లు కొట్టేదెందుకు?

ఇక 1934. తెలంగాణలో కవులు పూజ్యం, అంటే సున్నా, అని ఒక పండితుడు రాశాడు. 1926 నుంచి గోలకొండ పత్రిక నడుపుతున్న సురవరం ప్రతాపరెడ్డి గద్వాల ప్రాంతంలోని బోరవెల్లిలో పుట్టినవాడు. ఆయనకు ఆ మాట మంటెత్తించింది. వాదనతో సరిపెట్టకుండా పద్యాలు, కవుల వివరాలు పోగుచేసి 354 మందితో గోలకొండ కవుల సంచిక అచ్చువేశాడు. ఆ సంచికలోని ప్రతి పద్యం గొప్పదేమీ కాదు. కొన్ని చాలా మామూలు పద్యాలు. అయినా దాని బలం తగ్గలేదు. ప్రతి పద్యం వెనక ఒక పేరు ఉంది, ఒక ఊరు ఉంది, వెళ్లి అడిగితే నేనే రాశానని చెప్పే మనిషి ఉన్నాడు. కవి ఉన్నాడనడానికి అంతకు మించిన రుజువు ఏం కావాలి? ఇవాళ యంత్రం 354 పద్యాలు పొద్దుగుంకకముందే ఇవ్వగలదు. సున్నా అన్న మాటకు అవి జవాబు కాలేవు.

యంత్రానికి సొంతం ఏముంది, ఉన్నదాన్నే అటూఇటూ కలుపుతుంది అనే మాట తరచూ వింటాం. ఈ మాటతో కొంచెం జాగ్రత్తగా ఉండాలి. అప్పటి నల్లగొండ జిల్లా పాలడుగులో పుట్టిన సుద్దాల హనుమంతు కూడా జనంలో ఉన్న బాణీలనే, గొల్లసుద్దుల వంటి పాత కళారూపాలనే తీసుకున్నాడు. పశువులు కాసే పిల్లగాడి మీద ఆయన కట్టిన పాటలో గంభీరమైన మాట ఒక్కటీ లేదు. జీతానికి కుదిరిన పిల్లవాణ్ని నిలబెట్టి, పాలు మరిచి ఎన్నాళ్లయింది, కొలువు కుదిరి ఎన్నాళ్లయింది అని అడుగుతాడు. కలపడం అక్కడా ఉంది. కానీ ఏ పిల్లవాడి కోసం, ఎవరికి ఎదురుగా, ఏ ఏడు కలిపాడన్నది చూడాలి. తెలంగాణ సాయుధ పోరాటం నడుస్తున్న రోజుల్లో ఆ పాట పాడినందుకు పాడినవాడి మీదికి దెబ్బలు వచ్చేవి. ఆ ప్రమాదం తెలిసే పాడటం ఆ పాటలో భాగం.

2024లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు 1,634 మందికి పేరున్న ఇంగ్లిష్ కవుల కవితలు, వాళ్ల శైలిలో యంత్రం రాసిన కవితలు కలిపి ఇచ్చి ఏది ఎవరిదో చెప్పమన్నారు. సరిగ్గా చెప్పింది 46.6 శాతమే, బొమ్మా బొరుసా వేసినా అంతకన్నా నయంగా వచ్చేది. పైగా ఇంకో బృందాన్ని అడిగితే వాళ్లు యంత్రం కవితలే బాగున్నాయన్నారు. అవి సులువుగా అర్థమవుతాయి, కవులవి కొంచెం తిరకాసుగా ఉంటాయి అన్నది పరిశోధకుల వివరణ. పాల్గొన్నవాళ్లలో ఎక్కువమంది కవిత్వం అరుదుగా చదివేవాళ్లే. కవిత్వం మీద కన్నా కవిత్వాన్ని ఎలా చదువుతున్నామన్న దాని మీద ఈ ఫలితం ఎక్కువ చెబుతుందని నా నమ్మకం.

మన జిల్లాల మాటకొస్తే ఇంకో చిక్కుంది. పాలమూరు లేబర్‌గా పేరుపడ్డ వలస కూలీల పాటలు, బతుకమ్మ పాటలు, ఫ్లోరైడ్ నీళ్లకు కాళ్లు వంగిపోయిన ఊళ్లలో ముసలమ్మలు పాడుకునే పాటలు చాలావరకు కాగితం మీదికే రాలేదు, ఇంటర్నెట్టుకు ఎలా ఎక్కుతాయి? యంత్రానికి దొరికింది అచ్చయిన మర్యాద తెలుగు. నల్లగొండ జిల్లా మర్రిగూడలో ఒకామె నీళ్లబిందె దగ్గర అన్న మాట దానికి చేరలేదు. దాంతో అది వలస గురించి రాసినా పత్రికలో వార్త చదివినవాడు రాసినట్టే ఉంటుంది.

సమ్మేళనాల్లో యంత్రం కవితను పట్టుకునే సాఫ్ట్‌వేర్ వెతకడం కన్నా, అవధానంలో పృచ్ఛకుడికి ఉన్న హక్కును సభకు తిరిగి ఇవ్వడం మేలు. వాట్సాప్‌లో పంపి ఊరుకోకుండా కవి వచ్చి చదవాలి. చదివాక సభలోంచి ఎవరైనా రెండు ప్రశ్నలు అడగాలి. ఈ చెరువు ఏ ఊరిది? ఈ పాదంలో ఈ మాటే ఎందుకు పెట్టావు, ఇంకో మాట తోచలేదా? యంత్రం సాయం తీసుకున్న పిల్ల ఆ మాటే చెప్పి, ఎంతవరకు తనదో వివరిస్తే విని చప్పట్లు కొట్టాలి. జవాబు తడబడితే తిట్టి పంపకుండా, ఆ చెరువు గట్టు మీదికి ఓసారి వెళ్లి చూసి, వచ్చే ఉగాదికి మళ్లీ రాసుకురమ్మని పిలవాలి.