బూట్లు వేసుకుంటే గేర్లు పడవా? అడ్వెంచర్ బైకుల విషయంలో అపోహలు - వాస్తవాలు

నెల్లూరు చుట్టుపక్కల హిమాలయన్, ఎక్స్‌పల్స్, కేటీఎం 390 అడ్వెంచర్ లాంటి బండ్లు బాగా పెరిగాయి. ఆదివారం తెల్లవారితే ఉదయగిరి, సోమశిల, పెంచలకోన అంటూ బయల్దేరుతున్నారు. చాలా సంతోషం. అలాగే, రైడింగ్ బూట్లు కొన్న కొన్నాళ్లకే వర్క్‌షాప్‌కి వచ్చి "అన్నా, గేర్లు పడట్లేదు, గేర్‌బాక్స్ విప్పి చూడు" అనేవాళ్లూ పెరిగారు. ఇంజన్‌ని ముట్టుకోకముందే నేను వాళ్లని ఆ బూట్లతో బండెక్కమంటాను. చాలావరకు సంగతి అక్కడే తేలిపోతుంది. ఈ సంగతి తెలియక కొందరు బూట్లే పక్కన పడేసి కాన్వాస్ షూతో కొండదారి ఎక్కుతున్నారు. నా భయమల్లా అదే.

అపోహ: బూట్లు వేశాక గేర్లు పడట్లేదంటే గేర్‌బాక్స్ పోయినట్టే.

మామూలు షూ కంటే రైడింగ్ బూటు ముందు భాగం బాగా మందంగా ఉంటుంది. గేర్ రాడ్ కింద అంత సందు లేకపోతే బూటు లోపలిదాకా వెళ్లదు. కొసతో లేపితే రాడ్ సగమే లేస్తుంది. ఒకటికీ రెండుకీ మధ్య న్యూట్రల్ ఉంది కాబట్టి బండి అక్కడే ఆగుతుంది. పై గేర్లలో అయితే ఏ గేరూ పట్టని ఫాల్స్ న్యూట్రల్ పడుతుంది. రాపూరు - చిట్వేలి ఘాట్ దిగేటప్పుడు గేరు తగ్గించబోయి అలా పడిందా, ఇంజన్ పట్టు ఒక్కసారిగా వదిలేస్తుంది, సరిగ్గా మలుపు ముందు బండి ఉరుకుతుంది.

ఇంకో కారణం చాలామందికి తెలియదు. గేరు మారిన ప్రతిసారీ రాడ్ స్ప్రింగ్ బలంతో మళ్లీ మధ్యకి రావాలి. అలా వస్తేనే లోపలి మెకానిజం తర్వాతి గేరుని అందుకుంటుంది. బూటు రాడ్‌ని ఆనుకునే ఉంటే అది మధ్యకి రాదు, ఎన్నిసార్లు తన్నినా గేరు మారదు. పల్చటి షూలో రాడ్ తగులుతుంటే వేళ్లకి తెలిసిపోతుంది. బూటులో తెలియదు, అందుకే తప్పు గేర్‌బాక్స్ మీదకి వెళ్తుంది.

అపోహ: కంపెనీ బిగించిన గేర్ రాడ్‌ని కదపకూడదు.

కదుపుకోవడానికే దాన్ని అలా తయారుచేశారు. రాడ్ నేరుగా ఇంజన్ నుంచి బయటికొచ్చే గేర్ షాఫ్ట్ మీదే ఉన్న బండ్లలో అది సన్నటి పళ్ల మీద కూర్చుంటుంది. ముందు షాఫ్ట్ మీదా రాడ్ మీదా మార్కర్‌తో గీత పెట్టండి. బోల్టు వదులు చేస్తే చాలదు, పూర్తిగా తీయాలి. రాడ్ బయటికి లాగి ఒక్క పన్ను పైకి జరిపి చూడండి, తేడా వెంటనే కనిపిస్తుంది. గేర్ రాడ్‌ని షాఫ్ట్‌కి కలిపే కడ్డీ, అంటే లింక్ రాడ్ ఉన్న బండ్లలో రెండు లాక్ నట్లు వదులు చేసి మధ్య కడ్డీని తిప్పాలి. ఆ నట్లలో ఒకటి సాధారణంగా రివర్స్ మర, అంటే మామూలుకి ఎదురు దిక్కులో తిప్పితేనే వదులవుతుంది. తెలియకుండా బలం పెడితే మర పాడవుతుంది. కడ్డీని మరీ బయటికి తిప్పేయకండి, రెండు వైపులా మర చాలినంత లోపల ఉండాలి.

కొలత వేసుకున్న బూటుతోనే చూసుకోవాలి. ఇంజన్ ఆపి, ఒకరు బండి పట్టుకోగా ఫుట్‌రెస్ట్ మీద కాలు పెట్టండి. మడమ లేపకుండా బూటు రాడ్ కిందకి దూరాలి, కిందకి నొక్కేటప్పుడు పాదం మరీ వంచాల్సిన పని ఉండకూడదు. తర్వాత నిలబడి ఇదే చూడండి. నిలబడితే చీలమండ కోణం మారుతుంది, కూర్చున్నప్పుడు బాగున్న సెట్టింగ్ అప్పుడు ఎత్తుగానో కిందగానో అనిపించవచ్చు. మట్టిదారిలో ఎక్కువ తిరిగేవాళ్లు నిలబడ్డప్పటి సౌకర్యానికే మొగ్గు చూపాలని నా అభిప్రాయం. ఫుట్‌రెస్ట్ రబ్బరు తీసేస్తే పాదం కొంచెం కిందకి దిగుతుంది కాబట్టి రబ్బరు సంగతి తేల్చుకున్నాకే రాడ్ సెట్ చేయండి. చివరగా రాడ్‌ని పైకీ కిందకీ పూర్తిగా ఆడించి, ఇంజన్‌కీ ఫుట్‌రెస్ట్‌కీ తగలట్లేదని చూసి బోల్టు బిగించండి.

అపోహ: బూటు ఉంది కదా, గట్టిగా తన్నితే పడుతుంది.

పడుతుంది, కానీ లోపల గేర్లని జరిపే ఫోర్కులు వంగే ప్రమాదం ఉంది. క్లచ్ పూర్తిగా పట్టి, యాక్సిలరేటర్ వదిలితే మెల్లగా లేపినా చాలు. క్లచ్ పట్టకుండానే గేరు మార్చుకోనిచ్చే క్విక్‌షిఫ్టర్ ఉన్న బండ్లలో సెన్సర్ రాడ్ మీది ఒత్తిడినే చూస్తుంది. ఊరికే బూటు ఆనించి నడపకండి.

అపోహ: ఫ్యాక్టరీ సేఫ్టీ షూ చాలు, లేదంటే మోటోక్రాస్ బూట్లే మేలు.

సేఫ్టీ షూ ముందున్న ఉక్కు టోపీ రాడ్ కింద ఇరుకుతుంది, లేసులు రాడ్‌కి చుట్టుకుంటాయి, పొట్టి రకమైతే చీలమండకి రక్షణే లేదు. మట్టి ట్రాక్ రేసుల కోసం చేసే మోటోక్రాస్ బూటు రక్షణలో గొప్పదే. కానీ చీలమండ దగ్గర బాగా బిగుసుగా ఉంటుంది, హైవే మీద రోజంతా గేర్లు మార్చేవాళ్లకి కాలు పట్టేస్తుంది. పక్కలకి వంగకుండా, ముందుకీ వెనక్కీ మాత్రం కదిలే అడ్వెంచర్ బూటు వెతకండి. లోపల ఈఎన్ 13634 గుర్తు చూడండి, అది మోటార్‌సైకిల్ బూట్లకి యూరప్ ప్రమాణం. 2017 నాటి రూపంలో దాని కింద నాలుగు అంకెలుంటాయి: ఎత్తు, రాపిడి, కోత, పక్కల నుంచి నలిగే ఒత్తిడి. ఒక్కోటి 1 గానీ 2 గానీ ఉంటుంది, 2 అయితే ఎక్కువ రక్షణ.

కొత్త బూటు మొదట్లో గట్టిగానే ఉంటుంది. ఇంట్లో వేసుకుని తిరగండి, ఖాళీ రోడ్డు మీద గేర్లు మార్చి అలవాటు చేసుకున్నాకే ఘాట్‌కి వెళ్లండి. కుడికాలి బూటు కూడా అంతే మందం కదా, బ్రేక్ పెడల్ ఎత్తు కూడా అదే రోజు సరిచూసుకోండి. బూటు పెడల్ మీదే ఆని ఉంటే వెనక బ్రేక్ రాసుకుంటూ వేడెక్కుతుంది, దిగుడులో అవసరమైనప్పుడు అది సరిగ్గా పట్టదు.