గీత పడిన చోట ఒక నీటిచుక్క

పాలరాతి బొమ్మ మీద తెల్లని గీత పడింది. తుడిచినా పోలేదు. అక్కడ ఒక్క నీటిచుక్క వేసి చూడండి, చాలాసార్లు గీత మాయమవుతుంది. తడి ఆరగానే మళ్లీ తేలుతుంది. రాతిబొమ్మలను బాగుచేయడానికి కావలసిన విజ్ఞానంలో సగం ఈ నీటిచుక్కలోనే ఉందని నా నమ్మకం.

నిజానికి ఆ గీతకు తెలుపు రంగు అంటూ లేదు. నునుపైన రాతి మీద పడిన వెలుతురులో కొంత అద్దం మీద పడినట్టే ఒకే దిశలో తిరిగివస్తుంది, మిగిలినది రాతి లోపలికి పోతుంది. గీసుకుపోయిన చోట సన్నని గుంటలు, పదునైన అంచులు ఏర్పడతాయి. వెలుతురు వాటికి తగిలి నలుదిక్కులకూ చెదిరిపోతుంది. మన కంటికి తెల్లగా కనబడేది ఆ చెదిరిన వెలుతురే. ఒక పదార్థం వెలుతురును ఎంత వంచుతుందో చెప్పే అంకె వక్రీభవన గుణకం. గాలికి అది 1, నీటికి 1.33, పాలరాతిలోని కాల్సైట్ అనే ఖనిజానికి దిశను బట్టి సుమారు 1.49 నుంచి 1.66 వరకు. గుంటలో గాలికి బదులు నీరు నిండితే రాతికీ దాన్ని ఆనుకున్న పదార్థానికీ తేడా తగ్గి, చెదరడం తగ్గిపోతుంది. అందుకే తడిపితే కనబడకుండా పోయే గీతకు పలచని మైనం పూత పూసి మెత్తని గుడ్డతో రుద్దినా చాలు. తడిపినా నీడలా మిగిలేది లోతైన గీత. దానికి గరుకు కాగితం పట్టుకోక తప్పదు.

అయితే ముందు ఆ రాయి ఏదో తెలియాలి. 1812లో ఖనిజ శాస్త్రవేత్త ఫ్రీడ్రిక్ మోస్ రూపొందించిన కాఠిన్యపు కొలతలో అంకె పెరిగేకొద్దీ గట్టిదనం పెరుగుతుంది. అందులో మన గోరు దాదాపు 2.5. బలపపు రాయి, పాలరాతిలా కనబడే మెత్తని అలబాస్టర్ గోటికే గీసుకుపోతాయి. పాలరాయి సుమారు 3 కాబట్టి గోటికి లొంగదు, ఉక్కు కత్తికి లొంగుతుంది. గ్రానైట్‌లోని క్వార్ట్‌జ్ 7, దాన్ని కత్తి ఏమీ చేయలేదు. ఈ పరీక్షను పీఠం అడుగున, కనబడని చోట చేయండి. అలబాస్టర్ అంటే జిప్సం, అది నీటిలో కొద్దికొద్దిగా కరుగుతుంది. దాని మీద నీటిచుక్కను నిలవనివ్వకుండా వెంటనే అద్దేయాలి. ఇక పాలరాతికి శత్రువు పులుపు. నిమ్మరసం, వెనిగర్ తగిలితే కాల్షియం కార్బొనేట్ కరిగి, కార్బన్ డయాక్సైడ్ బుడగలుగా పోతుంది. మెరుపు పోయి, కళ తప్పిన మచ్చ మిగులుతుంది. మరకలు పోవడానికి నిమ్మచెక్కతో రుద్దమనే సలహాను దయచేసి పాలరాతి దగ్గరికి రానివ్వకండి.

లోతైన గీతను తీయాలంటే నీటితో తడిపి రుద్దే వాటర్ పేపర్ వాడాలి. 400 నంబరుతో మొదలుపెట్టి 600, 800, 1200 మీదుగా ఇంకా సన్ననిదానికి వెళ్లాలి. ఇక్కడ గీతను చెరిపేస్తున్నామనుకుంటే పొరపాటు. పెద్ద గీతను తీసి, దాని స్థానంలో చిన్న గీతలు పెడుతున్నాం. ఆ చిన్న గీతలు వెలుతురు తరంగదైర్ఘ్యం కన్నా, అంటే దాదాపు అర మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) కన్నా సన్నబడినప్పుడు కంటికి మెరుపు దక్కుతుంది. మధ్యలో ఒక నంబరు దాటేస్తే పాత గీతలు అడుగున మిగిలిపోయి, చివర్లో మెరుపు మధ్య బయటపడతాయి. తడిపి రుద్దడానికి ఇంకో కారణం కూడా ఉంది. గ్రానైట్, ఇసుకరాయి ధూళిలోని సిలికా ఊపిరితిత్తులను శాశ్వతంగా పాడుచేస్తుంది. తడి ఆ ధూళిని లేవనివ్వదు, అయినా మాస్కు ఉండాలి. గ్రానైట్‌కు మెరుగు పెట్టాలంటే వజ్రపు పొడి ఉన్న పరికరాలు కావాలి. ఆ పని వృత్తివారికి వదిలేయడమే మేలు.

దెబ్బ తగిలిన చోట పెచ్చు ఊడకుండా తెల్లని మచ్చ మాత్రమే పడితే దాన్ని రుద్దకండి. లోపలి స్ఫటికాలు నలిగి, వాటి మధ్య పగుళ్లు లోతుకు దిగి ఉంటాయి. ఎంత రుద్దితే అంత గుంట పడుతుంది గానీ మచ్చ పోదు.

పెచ్చు ఊడితే ఆ ముక్కను భద్రపరచండి. సరిపోతుందో లేదో అని పదేపదే పెట్టి చూస్తే విరిగిన అంచులు అరిగిపోయి, ఆ తరువాత అతుకు కనబడుతుంది. ముక్క దొరకకపోతే అదే రకం రాతిపొడిని పారదర్శకమైన ఎపాక్సీలో, అంటే రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురులో, కలిపి నింపవచ్చు. మళ్లీ ఆ నీటిచుక్క సంగతే ఇక్కడ పనికొస్తుంది. జిగురులో కలిసిన పొడి తడిసిన రాయిలా ముదురుగా కనబడుతుంది. కాబట్టి పొడి రంగు కొంచెం లేతగా ఉండేలా చూసుకుని, ముందు చిన్న చుక్క చేసి, ఆరాక రాతి పక్కన పెట్టి పోల్చుకోవాలి. పైన రంగు పూస్తే అతుకు నిర్జీవంగా ఉంటుంది. పాలరాతిలో వెలుతురు కొంత లోతు వెళ్లి తిరిగి వస్తుంది, పెయింటు దాన్ని పైనే ఆపేస్తుంది.

ఎపాక్సీతో చిక్కు ఒకటి ఉంది. ఎండ తగిలితే కాలక్రమంలో పసుపెక్కుతుంది, గట్టిపడ్డాక సులభంగా ఊడదు. 2002లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో పునరుజ్జీవన కాలపు ఇటలీ శిల్పి తుల్లియో లొంబార్దో చెక్కిన ఆదాము పాలరాతి విగ్రహం పడి, 28 పెద్ద ముక్కలుగా, వందల చిన్న ముక్కలుగా పగిలింది. దాన్ని నిలబెట్టి 2014లో మళ్లీ ప్రదర్శించేటప్పటికి పన్నెండేళ్లు పట్టింది. అక్కడి నిపుణులు ఎక్కువగా నమ్ముకున్నవి అసిటోన్‌లో కరిగే అక్రిలిక్ జిగురులు. ఎప్పుడైనా తప్పు తేలితే విప్పి మళ్లీ అతికించే వీలుండాలని వారి ఉద్దేశం. ఇంట్లో కూడా విరిగిన చోట ముందు అలాంటి అక్రిలిక్ జిగురును, పారలాయిడ్ బి-72 అనే రకాన్ని, పలచగా పూసి, ఆరాక ఎపాక్సీ నింపితే తరువాత తీసేయడం కుదురుతుంది. ఒక్క జాగ్రత్త: ఈ అక్రిలిక్ 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడుతుంది, ఎండలో నిలిచే బొమ్మకు పనికిరాదు. పాలరాయిలా కనబడే బొమ్మల్లో చాలావరకు రాతిపొడి, రెజిన్ (ప్లాస్టిక్‌లా గట్టిపడే కృత్రిమ ద్రవం) కలిపి పోతపోసినవే. వాటి మీద అసిటోన్ పడితే ఉపరితలం పాడయ్యే ప్రమాదం ఉంది. చేతికి రాతి చల్లదనం తగలకపోతే ముందే అనుమానించండి.

పని అయ్యాక గది చీకటి చేసి, టార్చి వెలుతురును పక్కనుంచి ఏటవాలుగా వేసి చూడండి. ఎత్తుపల్లాలన్నీ నీడలుగా తేలతాయి. ఆరడుగుల దూరం నుంచి కనబడని అతుకు ఆరంగుళాల దగ్గర కనబడితే దాన్ని ఇంకా రుద్దకండి. పక్కనున్న అసలు ఉలి గుర్తులు అరిగిపోతాయి, వాటిని ఎవరూ తిరిగి చెక్కలేరు. ఏ జిగురు వాడారో, ఏ తేదీన నింపారో ఒక చీటీ మీద రాసి, పీఠం అడుగున అంటించండి.