బంపర్‌కి కొబ్బరి నూనె రాస్తే ఏమవుతుంది?

కారు కొన్న నాలుగేళ్లకి ముందు బంపర్ కింది నల్ల ప్లాస్టిక్ అంతా బూడిద రంగుకి తిరిగింది. పక్కింటాయన చూసి, "కాస్త కొబ్బరి నూనె రాయండి, కొత్తదానిలా అవుతుంది" అన్నారు. రాశాను. నిజంగానే నిగనిగలాడింది. రెండు వానలు పడేసరికి కథ మళ్లీ మొదటికొచ్చింది. నూనెలో నల్లరంగేమీ లేదు కదా, మరి ఆ నలుపు ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?

ఎక్కణ్ణుంచీ రాలేదు, అక్కడే ఉంది. ఆ ప్లాస్టిక్ సాధారణంగా పాలీప్రొపిలీన్. డాబా మీద దండేనికి బట్టలారేసి పెట్టే క్లిప్పులు చాలావరకు దీంతోనే చేస్తారు. రెండు వేసవులు ఎండలో ఉన్న క్లిప్పుని నొక్కితే పుటుక్కున విరిగి వేళ్లకి పొడి అంటుతుంది, చూసే ఉంటారు. బంపర్‌కి జరిగేదీ అదే, కాకపోతే నిదానంగా.

ప్లాస్టిక్ అంటే పొడవాటి కార్బన్ గొలుసులు. పాలీప్రొపిలీన్ గొలుసులో ప్రతి రెండో కార్బన్‌కీ ఒక చిన్న కొమ్మ ఉంటుంది. కొమ్మ మొలిచిన ఆ కార్బన్ దగ్గరి హైడ్రోజన్ తేలిగ్గా ఊడుతుంది, అదే దీని బలహీనత. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఈ ఊడటానికి నాంది పలికితే గాలిలోని ఆక్సిజన్ వచ్చి ఆ ఖాళీలో చేరుతుంది. అలా పుట్టిన పదార్థం మళ్లీ విడిపోయి పక్క గొలుసు మీద పడుతుంది. గొలుసులు తెగేకొద్దీ పైపొర పెళుసుబారి, కంటికి కనపడనంత సన్నగా బీటలిస్తుంది. ఆ బీటల్లో పడ్డ వెలుగు తలోదిక్కుకీ చెదిరిపోతుంది. పటికబెల్లం ముక్క అద్దంలా ఉంటుంది, దాన్నే దంచితే తెల్లటి పొడి! ఇక్కడా అంతే. నూనె బీటల్లో నిండితే వెలుగు చెదరడం తగ్గి అడుగునున్న నలుపు బయటపడుతుంది. వేడిగాలి ఊదే హీట్ గన్‌తో కాల్చితే పైపొర కరిగి బీటలు పూడుకుంటాయి. తెగిన గొలుసులు మాత్రం అతుక్కోవు.

నిజానికి ఆ నలుపు అందం కోసమే పెట్టింది కాదు. అది కార్బన్ బ్లాక్, అంటే ఒకరకం మసి. అతినీలలోహిత కిరణాలు లోపలికి దిగకుండా పైనే తాగేస్తుంది. ఇంటి మీది నీళ్ల ట్యాంకుల్లో అంత నలుపు కనపడేదీ అందుకే.

పెయింట్ సంగతి వేరు. దానికి పైన కాపలా ఉంటుంది. రేకు మీద ప్రైమర్, దానిమీద రంగు, అన్నిటికన్నా పైన రంగులేని క్లియర్ కోట్. దీని మందం సుమారు 40 మైక్రాన్లు, తల వెంట్రుక కంటే పల్చన. ఇందులో కలిపిన కొన్ని రసాయనాలు అతినీలలోహిత కిరణాలను పీల్చి వేడిగా మార్చేస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ అవి ఖర్చయిపోతాయి. అందుకే ఎండకి ఎదురుగా ఉండే టాప్, బానెట్ ముందు పాడవుతాయి. క్లియర్ కోట్ తెల్లబారి ఉల్లిపొరలా లేస్తుంది. ఆ దశలో పాలిష్ చేయించడం డబ్బు దండగ, పాలిష్ అంటేనే మిగిలిన పొరని ఇంకాస్త అరగదీయడం.

క్లియర్ కోట్ లేని పాతకాలపు కార్లని తుడిస్తే గుడ్డకి రంగు అంటేది, సున్నం గోడకి ఆనుకుంటే చొక్కాకి అంటినట్టు. రంగు పొడి చెక్కుచెదరదు, దాన్ని పట్టి ఉంచిన జిగురు పోతుంది. తెల్లరంగులో వాడే టైటానియం డయాక్సైడ్ మరీ విచిత్రం. ఎండ తగిలితే చుట్టూ ఉన్న జిగురుని అదే తినేయగలదు. అందుకని దాని రేణువులకి సిలికా, అల్యూమినా పూతలు పూసి మరీ వాడతారు.

ఎండ నుంచి తప్పిద్దామని కారుని వేపచెట్టు కింద పెట్టాను. కాకులకి తెలియదా! మధ్యాహ్నం వేడికి క్లియర్ కోట్ కాస్త మెత్తబడి ఉంటుంది. మీద పడ్డ రెట్ట ఆరి గట్టిపడుతుంది. సాయంత్రం చల్లబడ్డ పొర దాని అంచుల చుట్టూ ముడుచుకుని ఆ ఆకారంలోనే బిగుసుకుంటుంది. కడిగాక కూడా మరక మిగలడానికి అదొక కారణం, రెట్టలోని రసాయనాలు మరొకటి. ఎండిన రెట్టని గోకితే అందులోని ఇసుక గీతలు పెడుతుంది. తడిగుడ్డ ఐదు నిమిషాలు వేసి ఉంచితే దానంతటదే ఊడివస్తుంది.