చంకలో బిళ్ళ ఎందుకు కడుతుంది?

"అక్కా, బీసీజీ సూది ఏసినంక పిల్లగానికి చంకల బిళ్ళ కట్టింది. ఏమన్నా అయితదా?" నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో ఆశా కార్యకర్తలకు ఇలాంటి టెన్షన్ కొత్త కాదు. చిన్న బిళ్ళ చాలావరకు దానంతటదే తగ్గుతుంది. పెరుగుతున్నా, చీము పట్టినా డాక్టర్‌కు చూపించాలి. క్షయ రాకుండా ఇచ్చే ఈ టీకా సూది భుజానికి వేస్తే వాపు చంకలో ఎందుకు? దీని జవాబుకు వందేళ్ళ పైచిలుకు చరిత్ర ఉంది.

1868లో జర్మనీలో పాల్ లాంగర్‌హాన్స్ అనే వైద్య విద్యార్థి చర్మంలో కొమ్మలు చాచిన కణాలను చూసి, అవి నరాలకు చెందినవనుకున్నాడు. 1973లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో రాల్ఫ్ స్టైన్‌మన్, జాన్విల్ కోన్ ఎలుక ప్లీహంలో అలాంటి కణాలే చూసి డెండ్రిటిక్ కణాలని పేరు పెట్టారు. టీ కణాలను, అంటే రోగాలతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలను, కదిలించడంలో ఇవి మిగతా కణాల కన్నా కనీసం వంద రెట్లు మెరుగని 1978లో స్టైన్‌మన్ చూపించినా చాలామంది నమ్మలేదు. ఆ ఘనత క్రిములను మింగే మాక్రోఫేజ్ కణాలదేనని వాళ్ళ పట్టు. పైగా ప్లీహంలో ఈ కణాలు నూటికి ఒకటి కూడా ఉండడం కష్టం. ఆయన మాత్రం వదల్లేదు. ఆ పట్టుదలే నాకు ఈ కథలో అన్నిటికన్నా పెద్ద విషయం. 2011లో నోబెల్ ప్రకటించేసరికి ఆయన చనిపోయి మూడు రోజులైంది.

ఇక భుజం సంగతి. చర్మంలోని డెండ్రిటిక్ కణం టీకాలోని క్రిమిని మింగి, లోపల ముక్కలు చేస్తుంది. ఆ ముక్కను ఎంహెచ్‌సీ అనే అణువు మీద పెట్టి, పళ్ళెంలో పెట్టి చూపినట్టు పైకి తెస్తుంది. టీ కణం క్రిమిని నేరుగా గుర్తుపట్టలేదు, ఇలా చూపితేనే గుర్తుపడుతుంది. 1987లో ఎక్స్‌రేలతో ఆ అణువు ఆకారం తేలినప్పుడు, ముక్క కూర్చునే గాడి స్పష్టంగా కనిపించింది. ముక్కను మోసుకుని డెండ్రిటిక్ కణం ఒంట్లోని లింఫ్ ద్రవం పారే నాళాల గుండా చంకలోని లింఫ్ గ్రంథికి చేరుతుంది. సరిపోయే టీ కణం అక్కడ తగిలితే ఆ టీ కణం వేల సంఖ్యలో పెరుగుతుంది, గ్రంథి ఉబ్బుతుంది. బీసీజీలో బతికున్న క్రిములు కూడా ఆ గ్రంథికి చేరతాయి కాబట్టి కొందరిలో వాపు బయటికే తెలుస్తుంది.

ముక్క ఒక్కటే చాలదు. ప్రమాదం ఉందన్న రెండో సంకేతం కూడా డెండ్రిటిక్ కణమే ఇవ్వాలి, లేకపోతే టీ కణం ఊరకుండిపోతుంది. బీసీజీలో క్రిమే ఆ హెచ్చరిక. ఆరో వారంలో తొడకు వేసే పెంటావాలెంట్ (ఐదు జబ్బుల టీకా)లో బతికున్న క్రిమి లేదు కనుక ఆ హెచ్చరిక కోసం అల్యూమినియం లవణం కలుపుతారు. అప్పుడు ఈ పని గజ్జల్లోని గ్రంథుల్లో జరుగుతుంది.